చప్పుళ్ళమ్మ వేసుకున్న బూట్లు

టీవీలో జైలు గోడ ఎంత గట్టిగా కనిపించినా అది ప్లైవుడ్డే. ఇనప చువ్వలు చెక్కవి, పైన నల్లరంగు. ఖైదీ కాళ్ళ సంకెళ్ళు ప్లాస్టిక్‌వి, ఎందుకంటే నటుడుగారి కాలు ఒరుసుకుపోతే రేపు షూటింగుకి ఎవరొస్తారు? అయినా ఆ జైలు తలుపు ధడాలున మూసుకుంటే మన గుండె ఝల్లుమంటుంది. ఆ గొప్ప గోడది కాదు, నటుడిదీ కాదు. మన చప్పుళ్ళమ్మది.

స్టూడియోలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు జీతమిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. మాటలు శుభ్రంగా రికార్డు కావాలని షూటింగులో అందరూ మెత్తటి రబ్బరు చెప్పులు వేసుకుని పిల్లుల్లా నడుస్తారు. ఆ తర్వాత తెర మీద బొమ్మ చూస్తూ అడుగుల చప్పుడు, తాళం చప్పుడు, పళ్ళెం కిందపడ్డ చప్పుడు అన్నీ ఆమె ఒక్కతే పుట్టిస్తుంది. ఆమె గది చూస్తే పాత సామాన్ల కొట్టు అనుకుంటారు. ఒక బీరువా, బకెట్లలో ఇసుక, గులకరాళ్ళు, తుప్పుపట్టిన గొలుసులు, నేల మీద పెద్ద సిమెంటు పలక. చెంచాతో పూలకుండీ అడుగు గీకిందంటే ఖైదీ సొరంగం తవ్వుతున్నట్టే. ఇదీ ఒక పనేనా అని ముక్కు విరిచేవాళ్ళు ఆ సీరియల్‌ని ఒక్కసారి సౌండు తీసేసి చూడాలి. జైలు కాస్తా పిల్లల దాగుడుమూతల ఆటైపోతుంది.

చేయని నేరానికి లోపలికెళ్ళినవాడు జైల్లోంచి తప్పించుకోవడమే ఆ సీరియల్ కథ. అది వచ్చే సాయంత్రం వీధిలో కుక్కలు తప్ప ఎవరూ తిరిగేవారు కాదు. అంత పేరొచ్చినా చప్పుళ్ళమ్మకి తీరని కొరత ఒకటుంది. ఇంట్లో ఆమె పనికి విలువ లేదు. ముఖ్యంగా మామగారి దగ్గర.

మామగారు జైల్లో హెడ్ వార్డరుగా చేసి రిటైరయ్యారు. తర్వాత కొన్నాళ్ళకి చూపు పోయింది. చూపైతే పోయింది కానీ దర్జా ఎక్కడికీ పోలేదు. వీధి వీధంతా హెడ్డుగారనే పిలుస్తుంది. "నా డ్యూటీలో చీమ కూడా గోడ దాటలేదు" అన్నది ఆయన నోట రోజుకొక్కసారైనా రావాల్సిందే, లేకపోతే ఒంట్లో బాగాలేదేమోనని అత్తగారికి కంగారు. కోడలు ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే మాత్రం, "టీవీవాళ్ళ దగ్గర ఏదో పనిలెండి" అని మాట మార్చేసేవారు.

సీరియల్ వేళకి ఆయన కుర్చీలో నిటారుగా కూర్చునేవారు. బొమ్మ అత్తగారు చెప్పేది, చప్పుడు ఆయన వినేవారు. విని ఊరుకుంటే హెడ్డుగారెందుకవుతారు?

"ఇది జైలు తలుపా? ఎవరింట్లోదో బీరువా!"

వంటింట్లో కోడలు నాలుక కరుచుకునేది. మర్నాడు బీరువా లోపల ఇసుక మూటలు వేలాడదీసి మళ్ళీ రికార్డు చేసేది. పై వారం ఆయన గడ్డం గోక్కుని, "ఇప్పుడు కాస్త బరువొచ్చింది" అంటే, ఆమెకి నేల మీద కాళ్ళు ఆగేవి కావు. తాళాలగుత్తి మరీ గలగలలాడిందన్నారు, ఈలలో తడి లేదన్నారు, ఖైదీ దగ్గులో కూడా తప్పు పట్టారు. కానీ ఒక్కదాని జోలికి మాత్రం ఎన్నడూ రాలేదు. అది కథలో ముసలి హెడ్ వార్డరు నడక.

ఆ నడక ఆయనదే. ఒకప్పుడు కాపలా బురుజు మెట్ల మీంచి పడ్డప్పటినుంచి ఆయన ఎడమ మడమ నేలకి రాసుకుంటుంది. టక్కుమని ఒక అడుగు, వెనకే సర్రుమని ఇంకొకటి. కాపరానికి వచ్చినప్పటినుంచీ ఆమె వింటున్న నడక. సీరియల్ మొదలైనప్పుడు హెడ్ వార్డరు అడుగులు వేయమంటే, ఆమె కాళ్ళు వాటంతటవే అలా నడిచాయి. మామూలు బూట్లతో కుదరక, అటక మీదున్న ఆయన డ్యూటీ బూట్లు కావాలని అత్తగారిని అడిగింది.

"తీసుకుపో తల్లీ. కానీ ఆయన చెవిన పడనివ్వకు. డ్యూటీ సామాను ముట్టుకుంటే ఇల్లెక్కి అరుస్తారు" అంది అత్తగారు.

ఆ బూట్లలో గుడ్డలు కుక్కి, సిమెంటు పలక మీద ఆమె హెడ్ వార్డరై నడిచింది. అప్పట్లో కథ చివర ఏమవుతుందో ఎవరికి తెలుసు? ఆ సీరియల్‌కి ఏ వారం స్క్రిప్టు ఆ వారమే వచ్చేది.

ఆఖరి భాగం వచ్చింది. డైరెక్టరు ఆమెను కూర్చోబెట్టి వివరించాడు. జైల్లో కరెంటు పోతుంది. ఖైదీ పారిపోతాడు. హెడ్ వార్డరు వెంటపడతాడు కానీ అందుకోలేడు.

"చీకటి వరండా. తెర మీద టార్చిలైటు వెలుగు ఒక్కటే కదులుతుంది. మిగతాదంతా మీ చప్పుడే. ముసలాడు ఆయాసపడుతూ, తడబడుతూ నడవాలి. జనం పకపకా నవ్వాలి" అన్నాడు.

చప్పుళ్ళమ్మ మామగారి బూట్ల వైపు చూసింది. నవ్వులపాలయ్యేవి ఎవరి అడుగులు? చీమని కూడా గోడ దాటనివ్వని మనిషి అడుగులు. అవతల కుర్చీలో కూర్చుని వినేదీ ఆయనే. తన కాళ్ళతో తనే మామగారి పరువు తీయబోతోంది. వేరే నడక పెడదామా అంటే, ఇన్ని వారాలు విన్న నడక చివరి రోజు మారితే ఊరంతా పట్టేస్తుంది.

"ఈయన నడవడు సార్, పరిగెత్తుతాడు" అంది.

"జనం ఖైదీ వైపున్నారమ్మా."

"ఉండనివ్వండి. గెలిచినవాడి గొప్ప తెలియాలంటే అవతలివాడు గట్టివాడై ఉండాలి కదా. కుంటిగుర్రం మీద పందెం గెలిస్తే అదేం గెలుపు సార్?"

డైరెక్టరు తల గోక్కుని, సరే చేసి చూపించమన్నాడు. ఆమె బూట్లు బిగించుకుంది. పలక మీద ఉన్నచోటే పరిగెత్తింది. పరుగులో కూడా ఆ ఎడమ మడమ రాసుకుంటూనే ఉంది, కానీ ఎక్కడా తడబడలేదు. నేల మీద కాళ్ళు దబదబా పడ్డాయి. గేటు దగ్గర ఒక్కసారి ఆగాయి. ఆగి, మడమలు రెండూ దగ్గరికి చేర్చి, ఠక్కున నిలబడ్డాయి. ఆ చివరి చప్పుడు డైరెక్టరు అడగలేదు, ఆమే వేసింది. అది విని ఆయన, "ఉంచండి" అన్నాడు.

ఆ సాయంత్రం ఇల్లు నిండిపోయింది. పక్కింటి టైలరు పెళ్ళాంతో సహా వచ్చి కూర్చున్నాడు. చప్పుళ్ళమ్మ వంటింటి గుమ్మం దాటలేదు. చేతిలో గ్లాసు కడిగిందే కడుగుతోంది.

తెర మీద జైల్లో కరెంటు పోయింది. "చీకటండీ, ఏమీ కనబడటం లేదు" అంది అత్తగారు.

"నువ్వు చెప్పక్కర్లేదు, ఉండు" అన్నారు హెడ్డుగారు.

అడుగులు పరిగెత్తాయి. కుర్చీ చేతుల మీద ఆయన వేళ్ళు బిగుసుకున్నాయి. ఎడమ మడమ ఆయనకి తెలియకుండానే నేలకి రాసుకుంది. గేటు దగ్గర బూట్లు ఠక్కుమన్నాయి. ఖైదీ వెళ్ళిపోయాడు.

టైలరు ఎగిరి గంతేశాడు. "తప్పించుకున్నాడు! పాపం ముసలాయన! హెడ్డుగారూ, మీ డ్యూటీలో అయితే ఇలా జరిగేదా?"

చప్పుళ్ళమ్మ చేతిలో గ్లాసు జారి గిన్నెల్లో పడింది. అది మాత్రం ఏ రికార్డులోకీ ఎక్కని చప్పుడు.

"వాడి అదృష్టం, వాడు పోయాడు. కానీ ఆ వార్డరు నిద్రపోలేదు, కూర్చోలేదు. చివరిదాకా పరిగెత్తాడు. ఓడినా అటెన్షన్లో నిలబడ్డాడు. విన్నావా?" అన్నారు హెడ్డుగారు. తర్వాత వంటింటి వైపు తల తిప్పి, "అమ్మాయ్, ఇలా రా" అని పిలిచారు.

వచ్చి నిలబడింది.

"కుడి బూటుకి మడమ దగ్గర మేకు ఒకటి పైకి లేచి ఉంటుంది. కాలికి గుచ్చుకోలేదూ?"

అత్తగారు పమిట నోట్లో కుక్కుకుంది.

"మీకు... ఎప్పుడు తెలిసింది మామయ్యా?"

"మొదటి వారమే. నా నడక, నా బూట్ల చప్పుడు నాకు తెలియవా?"

"మరి తలుపు బాగాలేదు, తాళం బాగాలేదు అని అన్నింటికీ వంకలు పెట్టారు. దీని గురించి ఒక్క మాటా అనలేదేం?"

"అంటే నువ్వు సిగ్గుపడి మార్చేస్తావని. అంత బాగా నడుస్తుంటే ఎందుకు చెడగొట్టడం? మిగతావి అంటావా, చెబితే బాగుపడతాయి కాబట్టి చెప్పాను."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. టైలరు ఒకసారి ఈయన్నీ ఒకసారి ఆమెనీ చూస్తూ, "ఏంటండీ, ఎవరి బూట్లు? ఎవరు పరిగెత్తారు?" అన్నాడు.

హెడ్డుగారు కుర్చీలో ఇంకాస్త నిటారుగా సర్దుకున్నారు. జీవితమంతా చెప్పుకున్న ఆ చీమ ముక్క అనడానికి గొంతు సవరించుకున్నట్టే సవరించుకున్నారు.

"ఇంకెవరయ్యా? మా కోడలు" అన్నారు.