దొరసానమ్మ నేర్పిన బంతి

శామీర్‌పేట చెరువుల చేపలు పట్టేటోళ్ల ఇంట్ల పుట్టిన నేను. పదకొండేండ్లప్పుడు ఎడ్లబండి మీదికెంచి పడితే కుడిచెయ్యి ఇరిగింది. బొక్క అతికింది గని మోచెయ్యి పూరా సాగకపోతుండె. నాయిన నన్ను మేడ్చల్ దవాఖానకు తోల్కపోయిండు.

అక్కడ నర్సు ఒక ఇంగ్లండు దొరసాని. నలభై ఏండ్లకు దగ్గర, మస్తు పొడుగు. నా చెయ్యి వంచి చూసి, బల్ల సొరుగుల కెంచి ఎర్ర తోలు బంతి తీసి నా చేతుల పెట్టింది.

"చెయ్యి సక్కగ పెట్టి గిది ఎయ్యాలె బిడ్డా. వారానికి మూడు దినాలు రా," అన్నది, వచ్చీరాని తెలుగుల.

"ఆడపిల్లకు బంతాట ఏంది దొరసానమ్మా?" అన్నడు నాయిన.

ఆమె లోపలికి పోయి ఒక ఫోటువ తెచ్చి సూపెట్టింది. తెల్లబట్టల్ల పదకొండుమంది ఆడోళ్లు. చివర్ల నిలవడ్డది తనే. అప్పుడు నడుస్తున్న ప్రపంచ లడాయికి ముందు, వాళ్ల దేశం తరఫున ఓడెక్కి ఆస్ట్రేలియా పోయి క్రికెట్ ఆడిందట.

నాయిన ఫోటువ శానాసేపు చూసిండు. మూడో దినం కెంచే నన్ను మేడ్చల్ పోయే చేపల బండిల ఎక్కిచ్చిండు.

దవాఖాన ఎనక దొరసానమ్మ గ్యాసునూనె డబ్బా నిలవెట్టి దానికి గురిచూసి ఎయ్యుమనేది. మోచెయ్యి వంగితే ఒప్పుకోకపోయేది. మొదట్ల నొప్పికి ఏడ్సేదాన్ని. అప్పుడు పక్కన కూసోని తన ముచ్చట చెప్పింది.

"మొదటి ఆటల సున్నకే ఔటైన. లోపలికి పోయి ఏడ్సిన. మా కెప్టెన్ వచ్చి కూసున్నది. సంత్ర పండు ఒలిచి సగం నాకిచ్చింది."

"తర్వాత మ్యాచుల?"

"మల్ల బ్యాటు పట్టుకొని పోయిన. నలభై కొట్టిన."

ఆరు నెలలకు నా చెయ్యి సాగింది. ఒకనాడు ఆమె బ్యాటు పట్టుకొని డబ్బా ముంగట నిలవడ్డది. నేనేసిన బంతి ఆమె బ్యాటు పక్కకెంచి పోయి డబ్బాకు తాకింది. ఆమె బ్యాటు చంకల పెట్టుకొని చప్పట్లు కొట్టింది. దేశం కోసం ఆడిన మనిషి నాకు ఔటైంది. అంతకు మించిన మ్యాచ్ నేనెన్నడు ఆడలే, ఆ లోటూ లేదు.

లడాయి అయిపోయినంక ఆమె వాళ్ల దేశం పోతున్నదని తెలిసింది. నాయిన ఆ దినం పట్టిన పెద్ద కొర్రమీను తీస్కపోయి ఇచ్చిండు. ఆమె రెండు చేతుల పట్టుకొని, "వండుడు రాదు," అన్నది. నాయిన తనే వాళ్ల వంటింట్లకు పోయి పులుసు పెట్టిండు. ముగ్గురం అరుగు మీద కూసోని తిన్నం. కారానికి ఆమె కండ్ల నీళ్లు కారుతున్నా, ఇంకింత వడ్డియ్యుమని పల్లెం జరిపింది.