మెడ పోయిందన్న బేస్ గిటారు

బేస్ గిటారు వాయిస్తానని చెబితే మా కాలేజీ స్టాఫ్ రూములో ఇప్పటికీ ఒకటే ప్రశ్న. "పాటలో అది ఎక్కడ వినిపిస్తుంది మేడమ్?" వాయిస్తున్నంతసేపూ తెలియదు, ఆపేస్తే తెలుస్తుంది అని మొదట్లో ఓపిగ్గా చెప్పేదాన్ని. తర్వాత మానేశాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పే ఆడమనిషి సాయంత్రాలు నాలుగు లావుపాటి తీగలతో కుస్తీ పడుతుందంటే నవ్వు రావడంలో వింతేముంది? మా అమ్మకే నవ్వు. "వీణ నేర్చుకోవే అని గుంటూరులో ఉన్నప్పటి నుంచీ మొత్తుకుంటుంటే, ఇప్పుడు ఎక్కడిదో దుంగ మోసుకొచ్చింది" అని ఫోనులో పిన్నికి చెప్పుకుంది.

ఆ దుంగ కొత్తది కాదు. ఫోనులో పాత సామాన్ల ప్రకటనల్లో దొరికింది. గది ఖాళీ చేసి ఊరికి వెళ్లిపోతున్న ఒకాయన ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ కింద నిలబడి, సంచి జిప్పు లాగి చూపించాడు. మెరూన్ రంగు, అంచుల్లో లేచిపోయి లోపలి చెక్క కనిపిస్తోంది. ఏం చూసి కొనాలో నాకు తెలియదు కనుక, నాకు నేర్పే ఆయన్ని వెంట తీసుకెళ్లాను. ఆయనది నల్గొండ వైపు. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లో బేస్ వాయించేవాడు. కొత్తపేటలో ఒక కర్రీ పాయింట్ మీద చిన్న గది కిరాయికి తీసుకుని గిటార్లు బాగుచేస్తూ, నాలాంటివాళ్లకు నేర్పేవాడు. గురువుగారూ అంటే నవ్వేవాడు. అందుకని నేను అన్నయ్యా అనేదాన్ని, అతను చెల్లె అనేవాడు.

అన్నయ్య గిటారును భుజానికి ఆనించుకుని, ఒక కన్ను మూసి, వడ్రంగి చెక్క అంచు చూసుకున్నట్టు దాని మెడ చివరిదాకా చూశాడు. మెడ అంటే తీగలు సాగి ఉండే పొడుగాటి చెక్క. అది వంగిందంటే శృతి నిలవదు.

"మెడ సక్కగున్నది. కండ్లు మూస్కొని తీస్కో చెల్లె" అన్నాడు.

నేను అక్షరాలా అదే చేశాను.

ఆ గిటారుకు ఒక లోపం ఉండేది. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీతల్ని ఫ్రెట్లు అంటారు. అన్నిటికన్నా సన్న తీగను ఐదో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటితే, మిగతా చోట్ల సాగినట్టు స్వరం సాగేది కాదు. దుమ్మని మొదలై అక్కడికక్కడే చచ్చిపోయేది. "కొన్నిట్ల గట్లనే ఉంటది. చెక్క గుణం. దాంతోని ఏం కాదు" అని మొదటి వారంలోనే అన్నయ్య చెప్పాడు. నేనూ అలవాటు పడ్డాను. మెడ పక్కన ఉండే గుర్తు చుక్కలు అరిగిపోతే అమ్మ బొట్టుబిళ్లలు అంటించాను. అన్నయ్య పడీ పడీ నవ్వాడు. "గిటారుకు బొట్టు పెట్టినవేంది చెల్లె? లగ్గం చేస్తున్నవా?"

అతనికి ఉన్న కొలబద్ద ఒకటే, చెవి. వేళ్లు ఎవరికైనా తిరుగుతాయి, చెవి రావాలి అనేవాడు. తాళం తప్పనప్పుడు కూడా, పాట మొత్తం చూడకుండా వాయించినప్పుడు కూడా, కళ్లు మూసుకుని విని చివర్లో తల అడ్డంగా ఊపేవాడు. "మంచిగనే ఉంది. కానీ నీకింక చెవి రాలె. వస్తది, జర ఓపిక పట్టు." పిల్లలకు మార్కులు వేసే నేను అతని నోటి నుంచి ఆ ఒక్క మాట కోసం మూడేళ్లు ఆ మెట్లెక్కాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అతని ముందు మాత్రం ఎప్పుడూ రాలేదు.

మూడో ఏడు ఒక సాయంత్రం పాఠం మధ్యలో అతను నా చేతిలోంచి గిటారు తీసుకున్నాడు. ఒక కన్ను మూసి మెడ వెంబడి చూశాడు. చాలాసేపు చూశాడు.

"మెడ పోతుంది చెల్లె దీనిది. గా ఐదో ఫ్రెట్ కాడ స్వరం ఎందుకు సస్తుందనుకున్నవ్?"

"అది చెక్క గుణం అన్నావు కదన్నయ్యా?"

"అప్పుడు గట్లనే ఉండె. ఇప్పుడు ఎక్కువైంది. నీకు వినొస్తలేదా?"

నాకు వినిపించడం లేదు. ఆ స్వరం మూడేళ్లుగా ఎంతసేపు బతుకుతోందో ఆ రోజూ అంతసేపే బతికింది. నేను నోరు తెరిచి ఆ మాట చెప్పబోయాను. అతను అప్పటికే జాలిగా చూస్తున్నాడు. చెవి రానిదానికి ఏం వినిపిస్తుందిలే అని నాకు నేనే చెప్పుకుని నోరు మూసుకున్నాను. నా జీవితంలో నేను చేసిన తెలివితక్కువ పనులు చాలానే ఉన్నాయి కానీ, దాన్ని మించింది లేదు.

అమ్మేద్దామన్నాడు. తుర్కయంజాల్‌లో ఎవరో కొనే పార్టీ ఉన్నాడని, కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఈ మాత్రం చాలని, నన్ను రావద్దని, తనే మాట్లాడి ఇచ్చేస్తానని చెప్పాడు. "నువ్వు ఫైవ్ స్ట్రింగ్ పట్టు. ఎన్ని దినాలు నాలుగు తీగల మీద్నే ఉంటవ్?" అని, దానికి బదులుగా వాడిన ఐదు తీగల బేస్ ఒకటి ఎక్కడి నుంచో తెప్పించి నా చేతిలో పెట్టాడు. తళతళలాడుతోంది. పై మెట్టుకు ఎక్కానని అమ్మకు గొప్పగా చెప్పాను కూడా.

దాని మెడ నా అరచేతికి పట్టేది కాదు. బొటనవేలు వెనక ఎక్కడ ఆనించాలో తెలిసేది కాదు. ఒక తీగ మీటబోతే పక్క తీగ మోగేది. మూడేళ్లలో వచ్చిన విద్య మూడు నెలల్లో ఎటో పోయింది. తప్పు గిటారుదని నాకు తట్టలేదు. చెవి ఎలాగూ లేదు, ఇప్పుడు చేతులూ లేవు అనుకున్నాను. ఒక వారం మానాను, ఒక నెల మానాను. తర్వాత మొహం చెల్లక కొత్తపేట వైపు వెళ్లడమే మానేశాను. అన్నయ్య ఒక్కసారి కూడా ఫోను చేయలేదు. నామీద విసుగు పుట్టి ఉంటుందని అతని తరఫున నేనే సర్దిచెప్పుకున్నాను.

మొన్న వేసవిలో, ఒక ఆదివారం మధ్యాహ్నం, మా ఫిజిక్స్ మేడమ్ కూతురి ఓణీల ఫంక్షన్. ఎల్బీనగర్ దాటాక సాగర్ రోడ్డు మీద హాలు. స్టేజీ మీద ఆర్కెస్ట్రా వాయిస్తోంది. నేను దానికి వీపు పెట్టి ప్లేటు పట్టుకుని భోజనాల వరుసలో ఉన్నాను. ముందున్నావిడ బగారా అన్నం వడ్డించుకుంటోంది. పాటలో ఒకచోట బేస్ ఒక స్వరం మీద ఆగి సాగాలి. సాగలేదు. దుమ్మని చచ్చిపోయింది.

నేను ప్లేటు పట్టుకుని చెవి రిక్కించాను. మళ్లీ అదే చరణం వచ్చింది. మళ్లీ అక్కడే చచ్చిపోయింది. ఇంట్లోవాళ్లు గుమ్మం బయట దగ్గితే ఎవరో మనకు తెలియదా? అది నా మెరూన్ గిటారే. మూడేళ్లు విన్న చెయ్యి కనుక, ఎవరు వాయిస్తున్నారో కూడా వెనక్కి తిరగకముందే తెలిసిపోయింది. తిరగకపోతే అబద్ధం అవుతుందేమోనన్న ఆశతో కాసేపు అలాగే నిలబడ్డాను. వెనకనుంచి ఎవరో "జరుగుండి మేడమ్" అన్నారు.

పాటలయ్యాక స్టేజీ పక్కకు వెళ్లాను. అన్నయ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. మెరూన్ గిటారు అతని మోకాలికి ఆనుకుని ఉంది. మెడ పక్కన బొట్టుబిళ్లలు లేవు. వాటి జిగురు మరకలు గుండ్రంగా, వరుసగా అలాగే ఉన్నాయి.

"అరె చెల్లె! ఎట్లున్నవ్?"

"ఇది నాదే కదా అన్నయ్యా?"

అతను చాయ్ గుక్క మింగాడు. "గదే. గా తుర్కయంజాలాయనకు సెట్ కాలే. మొన్ననే వాపస్ అమ్ముతనంటే నేనే తీసుకున్న."

పక్కన వైర్లు చుట్టుకుంటున్న కీబోర్డు ఆయనకు ఏమీ తెలియదు పాపం. మర్యాదకు మాట కలిపాడు. "గిది అన్న పానం మేడమ్. రెండేండ్ల సంది ఇంకోటి ముడ్తలేడు."

నేను అది ఇచ్చేసి అప్పటికి రెండేళ్లే. తుర్కయంజాల్ మనిషి అనేవాడే లేడు. అన్నయ్య కీబోర్డు ఆయన వైపు చూశాడు, తర్వాత నేల వైపు చూశాడు.

"మెడ పోయిందన్నావు కదా?"

"పోయిందంటేనే గదా ఇచ్చినవ్" అన్నాడు. గొంతులో తప్పు చేసినట్టు కూడా లేదు. "ఊకె అడిగితే ఇస్తుంటివా?"

ఇచ్చేదాన్ని. అదే నా ఏడుపు. అన్నయ్యా అని పిలిచిన నోటితో వద్దని ఎలా అంటాను? కావాలని ఒక్కమాట అంటే సంచితో సహా ఇచ్చేసేదాన్ని. అతను గిటారు తీసుకున్నందుకు కాదు నా బాధ. సరిగ్గా విన్న నా చెవిని పట్టుకుని, నీకు వినిపించడం లేదన్నాడు. నేను నమ్మి వాయించడమే మానుకున్నాను.

ఇవన్నీ అతని మొహం మీద అనాలనుకున్నాను. ఈలోపు అతనే తలెత్తి, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

"నీదే అని ఎట్ల గుర్తుపట్టినవ్? బొట్లు పీకేసిన గదా."

"చూసి కాదు. ఐదో ఫ్రెట్ దగ్గర స్వరం చచ్చిపోయింది. విన్నాను."

"ఏడికెల్లి?"

"అక్కడినుంచి. అన్నం వరుసలోంచి."

అతను అంత దూరంలో ఉన్న భోజనాల బల్ల వైపు చూశాడు. మధ్యలో పిల్లల అరుపులు, స్టీలు గిన్నెల మోత. కళ్లు మూసుకుని, పాఠం విన్నప్పటిలాగే కాసేపు ఉండి, ఈసారి తల నిలువుగా ఊపాడు.

"చెవి వచ్చింది చెల్లె నీకు."

అప్పుడు, అక్కడ, అతని ముందు నిలబడి, నాకు సంతోషం వేసింది. అతను చేసిన మోసం సంగతి ఏనాటికైనా మరిచిపోతానేమో. ఆ సంతోషం గుర్తొచ్చినప్పుడల్లా మాత్రం ఒళ్లు మండిపోతుంది.