సిమెంటు మేడమ్, వాళ్ల అక్క చెయ్యి

శిక్షణ మొదటిరోజునే మా పన్నెండుమంది చేతులకూ కట్లు పడ్డాయి. అందరం ఫిజియోథెరపీ చదివి ఏదో ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నవాళ్లమే. బిగుసుకుపోయిన వేళ్లను కట్టుతో ఎలా కదిలించాలో నేర్చుకుందామని వచ్చాం. శిక్షణ ఇచ్చే మేడమ్ ముందుగా మా కుడిచేతులనే మణికట్టు నుంచి వేళ్ల మొదళ్లదాకా తడిపిన ప్లాస్టర్ పట్టీతో చుట్టేశారు.

"రెండు రోజులు ఇలాగే ఉండండి. తల దువ్వుకోండి, బొత్తాలు పెట్టుకోండి. ఆ తర్వాత రోగికి ఓపిక పట్టమని చెబుదురుగాని," అన్నారు.

శిక్షణ జరిగే ఆ ఆసుపత్రిలో ఆవిడను అందరూ సిమెంటు మేడమ్ అనేవారు. మోచేతులదాకా ఎప్పుడూ తెల్లటి పొడే. "గోడకు సున్నం వేసొస్తున్నారా మేడమ్?" అని క్యాంటీనులో ఎవరో అంటే, "కాస్త మిగిలింది, నీ నోటికి వేద్దామని వచ్చా," అన్నారట. మాటకు మాట అప్పజెప్పనిదే ఊరుకునేవారు కాదు.

పాఠం కూడా అలాగే చెప్పేవారు. "వేలు బిగుసుకుంటే మణికట్టూ, వేళ్ల మొదళ్లూ దాని పని కూడా నెత్తినేసుకుంటాయి. ఇంట్లో ఒకరు బద్ధకిస్తే ఇంకొకరు చాకిరీ చేసినట్టు. అలా చేసీ చేసీ, వేలు ఎలా వంగాలో మెదడే మర్చిపోతుంది. అందుకని చాకిరీ చేసేవాటిని కట్టులో కూర్చోబెట్టు. బద్ధకపుదాన్ని బయట వదిలెయ్. రోజంతా రోగే దాన్ని కదిలించుకుంటాడు. వారాలు పడుతుంది. మన చెయ్యి పడక్కర్లేదు."

నాలుగోరోజు మాలో ఒకతను, రోగి వేలు వంగడంలేదని, పట్టుకుని గట్టిగా నొక్కాడు. ఆ పెద్దాయన "అబ్బా" అని కుర్చీలోంచి లేచిపోయాడు. మేడమ్ గది అవతలినుంచి వచ్చి మావాడి మణికట్టు పట్టుకున్నారు.

"వదులు."

"కొంచెం నొక్కితే వస్తుందేమోనని, మేడమ్..."

"రాదు. ఉన్నది కూడా పోతుంది." ఆ రోజంతా ఆవిడ నోట ఒక్క ఛలోక్తీ రాలేదు. ఎందుకో మాకు తెలియలేదు.

మా ఊరి ఆసుపత్రికి తిరిగొచ్చిన రెండు నెలలకు నా దగ్గరికి ఒకావిడ వచ్చింది. యాభై ఎనిమిదేళ్లు. ఒకప్పుడు దర్జీ పని చేసేది. ఏడేళ్ల కిందట స్నానాలగదిలో జారిపడి అరచేతి ఎముకలు విరిగాయి. ఎముకలు అతుక్కున్నాయి గానీ వేళ్లు కొయ్యముక్కల్లా ఉండిపోయాయి. అన్నేళ్ల బిగుతు వదిలించడం నా వల్ల అవుతుందా అని అనుమానం వచ్చి, ఆవిడను అడిగి చెయ్యి ఫొటో తీసుకుని, మేడమ్‌కు పంపి ఫోన్ చేశాను.

"ఒక్కతే వచ్చిందా? ఎవరైనా తీసుకొచ్చారా?" అని మేడమ్ అడిగారు.

"ఒక్కరే వచ్చారు."

"జుట్టు బాగా నెరిసిందా?"

నాకేమీ అర్థంకాలేదు.

"అది మా అక్క," అన్నారు మేడమ్. "బొటనవేలి కింద ఆ కత్తెర గాటు నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఉంది."

అప్పుడు చెప్పారు. అక్క పడినప్పటికి మేడమ్ పదేళ్ల అనుభవం ఉన్న థెరపిస్టు. రోజూ సాయంత్రం అక్క ఇంటికి వెళ్లి, తనకు నేర్పినట్టే, ఏడ్చినా వినకుండా వేళ్లు విరిచి వంచేవారు. తెల్లారేసరికి చెయ్యి ఇంకా వాచేది. ఇంకా నొక్కేవారు. నెలన్నర అయ్యాక ఒకరోజు అక్క తలుపు దగ్గరే నిలబడి, "ఇంక నువ్వు రావద్దే. పరాయివాళ్లయితే తిట్టుకుని మానేసేదాన్ని," అంది. తర్వాత బావగారికి మా ఊరికి బదిలీ అయింది. మేడమ్ కట్టు పద్ధతి నేర్చుకున్నాక మూడుసార్లు ఫోన్ చేశారు. చెయ్యి ఊసెత్తగానే అక్క ఫోన్ పెట్టేసేది.

"కట్టు వేసెయ్. నా పేరెత్తకు, లేచిపోతుంది," అన్నారు.

వేశాను. ప్రతి సోమవారం మేడమ్‌కు ఫోన్ చేసేదాన్ని. వేళ్లు ఎన్ని డిగ్రీలు వంగాయో చెబితే రాసుకునేవారు. ఆ తర్వాత అసలు ప్రశ్నలు మొదలయ్యేవి. నవ్విందా? చిక్కిపోయిందా? ఇంకా "ఏవమ్మోయ్" అనే పిలుస్తోందా? తోడబుట్టినదాని మాట నా నోట వినాల్సి వచ్చిందే అని నాకే మనసు కలుక్కుమనేది.

మూడోవారం కట్టు అంచులు సరిచేస్తుంటే ఆవిడే అడిగింది. "ఏవమ్మోయ్, నొప్పి లేకుండా చేస్తున్నావు. ఎవరు నేర్పారు నీకు?"

అబద్ధం ఆడలేకపోయాను. చెప్పేశాను.

ఆవిడ కట్టులోంచి బయటికున్న వేళ్లకేసి చూసుకుంది. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"దానికి తెలుసా, ఇక్కడికొస్తున్నానని?"

"మొదటిరోజునుంచీ తెలుసమ్మా."

"నా చెయ్యి ఎలా ఉందని అడుగుతుందా?"

"మీరెలా ఉన్నారని అడుగుతారు."

పైటచెంగుతో ముఖం తుడుచుకుని, "సరే, పని కానీ," అంది.

తొమ్మిదోవారం కట్టు తీశాం. చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరంవేలు గ్లాసు పట్టుకునేంత వంగాయి. చిటికెనవేలు మొండికేసింది, దానికి మళ్లీ విడిగా కట్టు వేయాలి. కత్తెర పట్టడం ఇక కుదరదు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. గ్లాసు పైకెత్తింది, దించింది, మళ్లీ ఎత్తింది.

"మా చెల్లెల్ని రమ్మననా, వద్దా?" అని నన్నే అడిగింది.

"రమ్మనండి."

గ్లాసు పక్కన పెట్టి, "ఇప్పుడే వద్దులే. చూస్తే పట్టుకుంటుంది. పట్టుకుంటే నాకు పాత భయం వస్తుంది. ఆ చిటికెనవేలి కట్టు కూడా అయ్యాక రమ్మను," అంది.

ఆ మాట మేడమ్‌కు చెప్పాను. అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"దానికి ఆరువారాలైనా పట్టదూ?"

"పడుతుంది మేడమ్. కావాలంటే నాలుగు వారాలకే తీసి చూస్తాను."

"వద్దు," అన్నారు వెంటనే. "నాకోసం ఒక్కరోజు కూడా ముందు తీయకు."

ఇప్పుడు చిటికెనవేలి కట్టుకు నాలుగోవారం నడుస్తోంది. మేడమ్ అక్కడ కొత్త బ్యాచికి కట్లు వేస్తున్నారు. ఈ సోమవారం డిగ్రీలు అడగడం మర్చిపోయారు. బస్సు దిగాక మా ఆసుపత్రికి ఏ వీధిలోంచి రావాలో అడిగారు.