చేతులమ్మ పది లెక్కపెట్టిన రోజు

పసిపిల్లల బడిలో ఆయాగా పందొమ్మిదేళ్లు చేసిన ఆమెను అందరూ చేతులమ్మ అనేవారు. ఆ చేతులు ఒక్క క్షణం ఊరుకునేవి కావు. ముక్కు కారకముందే తుడిచేవి, బొత్తాం ఊడకముందే పెట్టేవి. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఈమె అమ్మను మించిపోయింది. అందుకు కాస్త గర్వం కూడా ఉండేది, ఉండదూ మరి!

ఆ గర్వానికి మునిబాబు గండి కొట్టాడు. మూడేళ్లు నిండినా నోరు విప్పని పిల్లవాడికి ఆమే పెట్టిన ముద్దుపేరది. చెవులు బాగానే ఉన్నాయన్నాడు డాక్టరు. నెలాఖరులోగా మాట రాకపోతే వేరే బడికి మారుస్తానంది తల్లి. కొత్త టీచరు వారం రోజులు గమనించి, ఆయాను పక్కకు పిలిచింది.

"ఆయమ్మా, వాడికి మాట్లాడే అవసరమే రావట్లేదు. వాడు అడిగేలోపే మీరు అందించేస్తున్నారు. కాస్త ఆగండి. మనసులో పది లెక్కపెట్టి, అప్పుడివ్వండి."

"అంటే వాడి నోరు నేనే కట్టేశానా?"

చేతులమ్మ ఆ పూట కడిగిన గ్లాసులే మళ్లీ కడిగింది.

మర్నాడు మునిబాబు మూత బిగిసిన నీళ్ల సీసా ఆమెకు అందించాడు. ఆమె చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంది. ఒకటి, రెండు, పది! మూత తీసేసింది. రెండో రోజు ఆరు దాకా వెళ్లింది. వాడు ఏడ్చాడు, ఆమె ఓడిపోయింది. మూడో రోజు వాడు సీసా విసిరికొట్టాడు. ఇంటికెళ్లినా ఆమెకు కాలు నిలవలేదు. దాహంతో ఉన్న బిడ్డను ఏడిపించడం కూడా ఒక చదువేనా అని తనలో తనే తిట్టుకుంది.

నాలుగో రోజు ఎనిమిది దాటింది. తొమ్మిది. పది. ఆమె చేతులు తొడల కిందే ఉన్నాయి. వాడు సీసా ఆమె ఒళ్లో పెట్టి, కనిపించని ఆ చేతుల కోసం వెతికాడు.

"ఆయా... మూత."

ఆమె చేతులు ఒక్కసారిగా బయటికి దూకాయి. వాడు వాటిని నెట్టేశాడు.

"నేను!"

పళ్లు బిగించి తిప్పాడు. మూత వచ్చింది, సగం నీళ్లు ఆమె ఒళ్లోనే ఒలికాయి. చేతులమ్మ భోరుమంది. కళ్లూ ముక్కూ ఏకమయ్యాయి. ఏం చెయ్యాలో తోచక ఆ చేతులు మొదటిసారి ఊరికే ఉండిపోయాయి.

మునిబాబు తన చొక్కా అంచు లాగి ఆమె ముక్కు తుడిచాడు. వాడు మాత్రం పది లెక్కపెట్టలేదు.