జింకే కదా

మావారికి అమెరికా వచ్చాక మెడ వదులైంది. ఎవరేం చెప్పినా తల ఊపేస్తారు. ఇంట్లో నేను ఒక్క మాటంటే పది ప్రశ్నలు వేసే మనిషి, ఆఫీసులో మాత్రం అడ్డమైనదానికీ తలాడించి వచ్చేవారు. టెక్సస్ వాళ్ళ ఇంగ్లిష్ సాగదీసినట్టుగా ఉంటుంది. సగం అర్థమై సగం కాకపోయినా, మళ్ళీ చెప్పమని అడగడం ఆయనకి నామోషీ. అలా తలూపి ఒకసారి ఆఫీసు బేస్‌బాల్ జట్టులో చేరిపోయారు. ఇంకోసారి ఎవరిదో పిల్లిని రెండు వారాలు మా ఇంట్లో పెట్టుకుని మేపాం. "ఆ మెడకి ఒక మర బిగించుకోండి, మహానుభావా" అని దెప్పేదాన్ని. ఆయన దానికీ తలూపేవారు.

ఇది ఎనభైల మొదట్లో సంగతి. మేం అప్పుడు డాలస్ పక్కన ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. మావారు ఇంజనీరు. పాపకి ఎనిమిదేళ్ళు. రెండేళ్ళప్పుడు వచ్చింది కాబట్టి దానికి ఊహ తెలిసిందంతా ఇక్కడే. మేం తెలుగులో ఏం అడిగినా ఇంగ్లిష్‌లోనే జవాబు చెప్పేది. ఇక దీనికి తెలుగు రాదని మేం నీళ్ళొదిలేసుకున్నాం. పైగా అది మాకు బాగానే కలిసొచ్చింది. దుకాణంలో అమ్మే మనిషి ఎదురుగా నిలబడి ఉండగానే "నాసిరకం సరుకు, వద్దు పదండి" అనుకోవడం, పాప ఎదురుగానే దాని టీచర్ గురించి మాట్లాడుకోవడం మాకు అలవాటైపోయింది. నలుగురిలో ఉన్నా మా మాటలకి ఎప్పుడూ తలుపు వేసి ఉన్నట్టే ఉండేది.

ఆ ఏడాది మా గ్రీన్ కార్డ్ కాగితాలన్నీ తయారై మావారి బాస్ బల్ల మీద ఉన్నాయి. ఆయన సంతకం ఒక్కటే తక్కువ. వీసా గడువు ముంచుకొస్తోంది. మా ఎదురు వాటాలో ఉండే గుజరాతీవాళ్ళు కాగితాలు కుదరక అప్పటికే సామాను సర్దుకుని వెళ్ళిపోయారు. వాళ్ళు వదిలేసిన సోఫా చాలా రోజులు చెత్తడబ్బా పక్కన వానలో నానింది. దాన్ని చూసినప్పుడల్లా నా గుండె జారిపోయేది. సాయంత్రం మావారు తలుపు తియ్యగానే నా మొదటి మాట "అయిందా?" అనే.

ఒక శుక్రవారం ఆయన బూట్లైనా విప్పకుండా చెప్పారు.

"రేపు తెల్లారగట్లే బయల్దేరాలి. మా బాస్ సఫారీకి పిలిచాడు."

"సఫారీయా? ఆఫ్రికాకా?"

"ఆఫ్రికా ఎందుకు? ఇక్కడే, శాన్ ఆంటోనియో వైపు కొండల్లో పెద్ద రాంచ్ ఉందిట. జీబ్రాలూ జిరాఫీలూ తెచ్చి వదిలేశారట. గైడ్ దగ్గరుండి తిప్పుతాడట. మీ ఇద్దరినీ కూడా రమ్మన్నాడు."

"ఇంకేమన్నాడు?"

"నాకోసం ప్రత్యేకంగా ఏదో ఏర్పాటు చేశాడట."

"ఏమిటది?"

"అడగలేదు."

"తలూపారా?"

"ఊపాను."

ఎప్పుడూ లేనిది ఆ రోజు నాకు కోపం రాలేదు. పెళ్ళాం పిల్లతో సహా రమ్మని పిలిచాడంటే ఆ సంతకం పడ్డట్టే అనుకున్నాను. పులిహోర కలిపాను. కెమెరాలో ముప్పై ఆరు ఫోటోల కొత్త రీల్ వేయించాను. పాప స్కూల్ నోట్‌బుక్‌లో ఆఫ్రికా జంతువుల పేర్లన్నీ వరసగా రాసుకుంది, చూసినవాటికి టిక్ పెడుతుందట. సింహం పేరు అన్నిటికన్నా పైన రాసింది.

మేం వెళ్ళేసరికి ఎండ బాగా ఎక్కింది. గేటు మీద ఆఫ్రికన్ సఫారీ అని పెద్ద బోర్డు ఉంది. దాని మీద సింహం బొమ్మ ఉంది గానీ లోపల సింహం లేదని గైడ్ ముందే చెప్పేశాడు. గైడ్ బక్కపలచటి ముసలాయన, మాట మెత్తన. వాళ్ళ బాస్ ఆరడుగుల పైన ఉంటాడు, నవ్వితే మొహమంతా నవ్వే. పాపని చూడగానే తన టోపీ తీసి దాని నెత్తిన పెట్టాడు. అది దాని ముక్కు దాకా దిగిపోయింది. అందరం పైకప్పు లేని ట్రక్కెక్కి, వెనక వేసిన బెంచీల మీద కూర్చున్నాం.

మొదటి గంట నా జీవితంలో మర్చిపోలేను. జీబ్రాలు రోడ్డుకి అడ్డంగా నిలబడి మమ్మల్ని తీరిగ్గా చూశాయి. ఒక ఉష్ట్రపక్షి ట్రక్కుతో పందెం వేసుకున్నట్టు పక్కనే పరిగెత్తింది. జిరాఫీ తల వంచి మరీ పాప నోట్‌బుక్‌ని వాసన చూసింది. గైడ్ ఒక్కోదాని గురించీ ఇంట్లో మనిషి గురించి చెప్పినట్టు చెబుతున్నాడు. పాప టిక్కుల మీద టిక్కులు పెడుతోంది. నేను ఫోటో మీద ఫోటో తీస్తున్నాను. ఇంత మంచి మనిషిని పట్టుకుని సంతకం పెట్టడం లేదని ఇన్నాళ్ళూ తిట్టుకున్నానే అని సిగ్గేసింది కూడా.

ఓక్ చెట్ల గుంపు దగ్గర గైడ్ ట్రక్కు ఆపి, వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. వంద గజాల అవతల ఎండుగడ్డిలో జింకలున్నాయి. వాటికి కాస్త ఎడంగా ఒక మగది ఒంటరిగా నిలబడి ఉంది. వీపు నల్లగా నిగనిగలాడుతోంది, పొట్ట తెల్లగా ఉంది, కంటి చుట్టూ సున్నంతో గీసినట్టు తెల్లటి గీత, పురి తిప్పిన తాడులాంటి కొమ్ములు. చూడగానే పోల్చాను.

"కృష్ణజింక! ఇది మనదే!" అన్నాను, పైకే.

గైడ్ నా మొహం చూసి అర్థమైనట్టు నవ్వాడు. "అవునమ్మా, మీ దేశం నుంచి వచ్చిందే. ఎప్పుడో తెచ్చారు. ఇక్కడ బాగా పెరిగాయి. ఆ మగదానికి వయసైపోయింది. కుర్రవి దాన్ని మందలోంచి తరిమేశాయి" అన్నాడు. పాప దాని పేరుకి స్పెల్లింగ్ అడిగి జాబితాలో చివర రాసుకుంది. మన దేశపు ప్రాణి ఇంత దూరం వచ్చి ఇక్కడ గడ్డి మేస్తోందని నాకు ఎక్కడలేని ఆపేక్ష కలిగింది.

అప్పుడు వాళ్ళ బాస్ బెంచీ కింద నుంచి పొడుగాటి తోలు సంచీ ఒకటి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. దూరంగా ఉన్నవి చూడ్డానికి దుర్భిణీ లాంటిదేమో అనుకున్నాను. జిప్పు లాగితే తుపాకీ బయటికొచ్చింది.

నేనింకా అది నిజం తుపాకీయేనా అని చూస్తుండగానే ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని మావారికి అందించాడు.

"మొదటిది నీదే. ఆఫీసులో చెప్పానుగా, సరేనన్నావుగా" అన్నాడు. "కాలేజీలో రైఫిల్ పట్టానన్నావు కదా, అది గుర్తుపెట్టుకుని రాంచ్ వాళ్ళకి డబ్బు కట్టి ఆ జింకని నీకోసమే అడిగి ఉంచాను. నన్ను మా నాన్న ఇలాగే తీసుకొచ్చాడు."

మావారు కాలేజీలో ఖాకీ వేసుకుని కవాతు చేసేవారట. ఏడాదికోసారి క్యాంపులో అట్టల మీద తుపాకీ కాల్పించేవారట. ఆ ముక్క ఎప్పుడో ఆఫీసులో గొప్పకి చెప్పుకుని ఉంటారు. వేటకి తీసుకెళ్తానని బాస్ చెప్పినప్పుడు అలవాటు ప్రకారం తలూపేశారు. ఆ పెద్దమనిషి మొహంలో మాత్రం కల్మషం లేదు. తన దగ్గరున్న గొప్ప వస్తువేదో కొడుక్కిస్తున్నట్టు ఇచ్చాడు. అది చూసే నాకు ఇంకా భయం వేసింది.

ఈ కథ నేను పార్టీల్లో చాలామందికి చెప్పాను. అందరూ మావారి తలూపుడికి పడీపడీ నవ్వుతారు. చెప్పిన ప్రతిసారీ ఇక్కడ ఒక ముక్క దాటేస్తాను. అది ఇప్పుడు చెబుతున్నాను.

మావారు తుపాకీ వైపు చూశారు, జింక వైపు చూశారు, మా ఇద్దరి మధ్య కూర్చున్న పాప వైపు చూశారు. అమెరికా వచ్చిన ఆరేళ్ళలో మొట్టమొదటిసారి ఆయన తల అడ్డంగా తిరిగింది.

"నా వల్ల కాదు. కాదని చెప్పేస్తాను" అన్నారు నాతో, తెలుగులో.

ఇన్నేళ్ళూ ఆ అడ్డంగా తిరిగే తల కోసమేగా నేను ఆయన్ని సాధించింది! సంతోషించాలి కదా. నా కళ్ళ ముందు మాత్రం వానలో నానుతున్న సోఫా కనబడింది. మొహం మీద నవ్వు చెదరకుండా, ఎండ ఎక్కువగా ఉంది అన్నంత మామూలుగా అన్నాను: "ఇప్పుడు కాదంటే ఆయన ఎంత చిన్నబుచ్చుకుంటాడో ఆలోచించండి. కాగితాలు ఆయన బల్ల మీదే ఉన్నాయి. జింకే కదా, కాల్చేయండి."

ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తే. తిట్టినా బాగుండేది. తలూపారు.

ఆ చప్పుడుకి నా చెవులు దిమ్మెక్కాయి. జింక నిలువునా పైకి ఎగిరింది. తప్పిపోయిందేమో, పారిపోతుందేమో అని ఒక్క క్షణం ఆశపడ్డాను. నాలుగడుగులు పరిగెత్తి గడ్డిలో కూలబడింది. మందంతా చెల్లాచెదరైంది. గురి ఇంత బాగుంటుందని ఆయనకీ తెలియదనుకుంటాను.

మేమేం శాకాహారులం కాదు. ఆదివారం కోడికూర లేనిదే మా ఇంట్లో ముద్ద దిగదు. కాబట్టి ఇప్పుడు కూర్చుని అహింస గురించి కబుర్లు చెప్పను. కానీ ఆ జింక దగ్గరికి వెళ్ళి నిలబడ్డప్పుడు, దాని కన్ను ఇంకా తెరుచుకునే ఉందని చూసినప్పుడు, నా మాట కాక తుపాకీ చంపిందని నాకు నేను చెప్పుకోలేకపోయాను.

అంతటితో అయిపోలేదు. వాళ్ళ బాస్ వంగి, తన బొటనవేలు దాని నెత్తుట్లో ముంచి, మావారి నుదుటి మీద నిలువుగా ఒక గీత గీశాడు. మొదటి వేట చేసినవాడికి ఇక్కడ అలా పెడతారట. పెళ్ళిలో పురోహితుడు మావారికి బొట్టు దిద్దిన చోటు సరిగ్గా అదే. "ఫోటో తియ్యండి" అన్నాడాయన నాతో, మావారి భుజం చుట్టూ చెయ్యి వేసి. తీశాను. పాప ట్రక్కు దిగలేదు. టోపీ కళ్ళ మీదకి లాక్కుని కూర్చుంది.

తిరుగు ప్రయాణంలో ఒక గ్యాస్ స్టేషన్ దగ్గర మావారు కారాపి, మొహం కడుక్కోవడానికి లోపలికి వెళ్ళారు. ఎంతకీ రాలేదు. వచ్చాక చూస్తే నుదురంతా ఎర్రగా కందిపోయి ఉంది, అంతలా రుద్దుకున్నారు. పులిహోర గిన్నె మూత ఎవరమూ తియ్యలేదు. పాప ఇల్లు చేరేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది.

సోమవారం సాయంత్రం మావారు కాగితాలు తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టారు. సంతకం ఉంది. నా చేతులు ఆగలేదు, పేజీ తిప్పి మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. అప్పుడు కనబడింది సంతకం కింద వేసిన తేదీ. శుక్రవారంది.

"ఇది చూశారా?" అన్నాను.

"చూశాను. శుక్రవారం పొద్దున్నే పెట్టేశాడట. నాకు చెప్పడం మర్చిపోయాడట" అని, బట్టలు మార్చుకోవడానికి లోపలికి వెళ్ళిపోయారు.

అంటే మేం పులిహోర కలుపుకుంటున్నప్పటికే, పాప జంతువుల పేర్లు రాసుకుంటున్నప్పటికే ఆ సంతకం పడిపోయి ఉంది. ఆ జింక ఎందుకు చచ్చినట్టు? నాకు ఒళ్ళు మండిపోయింది. మండింది నా మీద, నోరు లేచింది మాత్రం ఇంకొకరి మీద.

"ఆ పెద్దమనిషికి ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా? చిన్నపిల్ల ముందు తుపాకీ ఇస్తాడా ఎవడైనా? అంతా ఆయన చేసిందే. కాల్చమని ఆయన కాకపోతే ఇంకెవరు చెప్పారు?" అని గట్టిగా అరిచాను, తెలుగులోనే.

టేబుల్ అవతల పాప హోంవర్క్ చేసుకుంటోంది. పెన్సిల్ పక్కన పెట్టి నా వైపు చూసింది. ఆరేళ్ళలో దాని నోట ఒక్క పూర్తి తెలుగు వాక్యం విన్న గుర్తు లేదు నాకు.

"ఆయన చెప్పలే అమ్మా. నువ్ చెప్పావ్" అంది. దాని అమెరికన్ యాస అమెరికన్ యాసే. ఆ తర్వాతి మాటలు మాత్రం అచ్చం నా గొంతుతో, నా నవ్వుమొహంతో, చివర నా 'అండి'తో సహా అప్పజెప్పింది.

"జింకే కదా, కాల్చేయండి."