సంతలో నట్లు బిగించే మనిషి

కొత్త టైరును రిమ్ముకి ఎక్కించి గాలి వదిలితే, అంచులు గాడిలో కూర్చుంటూ రెండుసార్లు పెద్దగా చప్పుడు చేస్తాయి. ముందు ఒక వైపు, కాసేపటికి రెండో వైపు. తెలియనివాళ్ళు టైరు పేలిందనుకుంటారు. ఈ ఉదయం కూడా లంబసింగి చలి చూడడానికి వచ్చిన ఒకాయన మా షాపు ముందు ఆ చప్పుడుకి అదిరిపడి చేతిలో టీ మొత్తం స్వెట్టరు మీద ఒలకబోసుకున్నాడు. నేను మాత్రం మొహం పక్కకి తిప్పుకుని, రెండో చప్పుడు వినబడేదాకా గాలి గొట్టం పట్టుకుని నిలబడ్డాను. రిమ్ముకి రాసిన సబ్బు నీళ్ళ వాసన, కొత్త రబ్బరు వాసన కలిసి ముక్కుకి తగిలాయి. ఇలా మొహం తిప్పుకుని నిలబడడం నాకు దేవదానం గారి దగ్గర అబ్బింది. ఆయన పోయి ఏడాది దాటింది. మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు కనుక కాస్త వివరంగానే చెబుతాను.

చింతపల్లిలో ఈ టైర్ల షాపు ఆయనదే. పొట్టి మనిషి, మెడ కూడా పొట్టే. చాలా ఏళ్ళు ఒక మిషన్ ఆసుపత్రి జీపు నడిపి, ఆ తరువాత ఈ షాపు పెట్టుకున్నారు. పని చేస్తున్నంతసేపూ చర్చి పాటలు కూనిరాగం తీసేవారు. ఏ పాటైనా ఒకే రాగం, అదీ తప్పుగా. నేను అనకాపల్లి వైపు రైతు కుటుంబంలో పుట్టినవాణ్ణి. ఆటోమొబైల్ డిప్లొమా చేసి, విశాఖపట్నంలో అల్లాయ్ చక్రాలు అమ్మే పెద్ద షోరూములో మూడేళ్ళు పనిచేశాను. అది మూతపడ్డాక, ఇరవై ఏడేళ్ళ వయసులో, ఒక ఆరు నెలలు గడుపుకుందామని ఈ కొండ ఎక్కాను. నాకు తెలియని రిమ్ము లేదనే గర్వం కూడా నాతోపాటే జీపెక్కి వచ్చింది.

ఈ పనిలో అసలు సూత్రం చిన్నదే. రిమ్ము ఎంత పెద్దదైతే దాని చుట్టూ ఉండే రబ్బరు ఎత్తు అంత తగ్గాలి. మొత్తం చక్రం మాత్రం కంపెనీ ఇచ్చిన ఎత్తుకి అటూ ఇటూగా అంతే ఉండాలి. షోరూములో ఈ లెక్క కుదిరితే చాలు, బండి తళతళలాడుతూ బయటికి వెళ్ళిపోయేది. ఇక్కడ నా మొదటి వారంలోనే ఒక రోడ్డు కాంట్రాక్టరు వచ్చి తన కారుకి పద్దెనిమిది అంగుళాల అల్లాయ్‌లు కావాలన్నాడు. సరిపోతాయని నేను ధీమాగా చెప్పాను. దేవదానం గారు కాదనలేదు. బిగించనిచ్చారు. తరువాత చక్రం పైన ఉండే గూడు లోపల సుద్దముక్కతో గీతలు గీసి, రోడ్డు మీద జీపు కోసం నిలబడ్డ కాఫీ తోటల ఆడవాళ్ళని నలుగురిని పిలిచి కార్లో కూర్చోబెట్టారు. వెనకాల వాళ్ళ మూటలు కూడా పెట్టించారు. కాంట్రాక్టరు సీటు కవర్ల గురించి గొణిగాడు. చర్చి పక్క ఎత్తు ఎక్కి, స్టీరింగు పూర్తిగా తిప్పి బండి కిందికి తెచ్చేసరికి, టైరు రాసుకుని, గూట్లో ఉండవలసిన సుద్ద దానికి అంటుకుంది.

"ఖాళీ బండికి ఏదైనా సరిపోద్ది రాజూ," అన్నారు ఆయన. "ఈ కొండ మీద ఖాళీ బండి ఎవడు నడుపుతాడు, సెప్పు."

కాంట్రాక్టరు పదహారు అంగుళాలకి దిగాడు. ఆడవాళ్ళు కారు దిగి, ఇంకోసారి ఎక్కించుకోమని నవ్వుకుంటూ వెళ్ళారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. నలుగురి ముందు నా తెలివికి పరీక్ష పెట్టారని రెండు రోజులు ముభావంగా తిరిగాను. ఆయన గమనించారో లేదో తెలియదు. ఆయన పాట మాత్రం ఆగలేదు.

ఆయన పద్ధతుల్లో నాకు మరీ విడ్డూరంగా తోచినది సంతకి వెళ్ళడం. కొత్త అల్లాయ్ బిగించాక మొదటి యాభై, వంద కిలోమీటర్లలో నట్టు కూర్చున్న చోటు కాస్త సర్దుకుంటుంది, పట్టు సడలుతుంది. అందుకే నాలుగు రోజులు తిరిగాక మళ్ళీ బిగించుకోవాలి. పట్నంలో అయితే మళ్ళీ తీసుకురండి అని చెప్పి పంపుతాం. ఇక్కడ ఒక్క నట్టు కోసం ఘాటీ దిగి, ఘాటీ ఎక్కి ఎవరూ రారు. అందుకని దేవదానం గారే వెళ్ళేవారు. ఏజెన్సీలో ఒక్కో ఊరికి వారంలో ఒక్కో సంత రోజు. బండి వారమంతా ఎక్కడ తిరిగినా, తన ఊరి సంత రోజున మనుషుల్నీ బస్తాలనీ వేసుకుని సంతకి రాక తప్పదు. ఆయన టార్క్ రెంచిని తువ్వాలులో చుట్టి, చంకలో పెట్టుకుని జీపెక్కేవారు. నట్టు తగినంత బిగుసుకోగానే టక్కుమనే పనిముట్టు అది. సంత మొదట్లో ఏదో టీకొట్టు బల్ల మీద కూర్చుని, తాను చక్రాలు వేసిన బండి కనబడగానే లేచి వెళ్ళి, ఇరవై నట్లూ టక్కుమనిపించి వచ్చేవారు. ఫోన్ చేసి అడగొచ్చు కదా అని నేనంటే, నట్టు ఫోనెత్తదు కదా అన్నారు.

ఒక ఏడాది చలికాలం మొదట్లో పెదబయలు వైపు నుంచి బొంజుబాబు వచ్చాడు. ఏడు సీట్ల పాత బండి కొనుక్కుని, టూరిస్టుల్ని లంబసింగి తిప్పుతున్నాడు. వచ్చేవాళ్ళు మెరిసే చక్రాలున్న బండే ఎక్కుతున్నారనీ, తనది చూసి మొహం తిప్పుకుంటున్నారనీ చెప్పుకున్నాడు. పదిహేను అంగుళాల ఇనుప చక్రాలు తీసి పదహారు అంగుళాల అల్లాయ్‌లు వేశాం. సుద్ద పరీక్ష కూడా నెగ్గింది. నట్లు బిగించింది నేనే. కూడా వచ్చిన వాళ్ళమ్మ నాలుగు చక్రాలకీ పసుపు కుంకుమ పెట్టి, అయిదోది దాచిన చోటు ఏదని అడిగి, స్టెప్నీకి కూడా పెట్టింది.

ఆ వారం పెదబయలు సంత నాటికి దేవదానం గారు జ్వరంతో పడుకున్నారు. నన్ను వెళ్ళమన్నారు. పొద్దున్నే సన్నటి జల్లు, చలి. స్టాండులో జీపు నిండిపోయింది. వెనక కమ్మీ పట్టుకుని వేలాడుతూ పాడేరు దాకా, అక్కడ మారి పెదబయలు దాకా, అదీ రెండు నిమిషాల పనికి, వెళ్ళబుద్ధి కాలేదు. రెంచి చంకలో పెట్టుకుని స్టాండు పక్క టీకొట్టుకి వెళ్ళి బొంజుబాబుకి ఫోన్ చేశాను. బండి బంగారంలా ఉందన్నాడు. మిగతా రోజంతా తెలిసినవాళ్ళ గదిలో దుప్పటి కప్పుకుని గడిపి, సాయంత్రం దేవదానం గారింటికి వెళ్ళి, నట్లు చూసి వచ్చానని చెప్పాను.

"ఎంత తిరిగేయి?" అని అడిగారు, పడుకునే.

"అర చుట్టు," అన్నాను. ఆలోచించకుండానే వచ్చింది ఆ మాట. ఆయన తృప్తిగా కళ్ళు మూసుకున్నారు.

మూడో రోజు ఉదయం షాపు తెరుస్తుంటే బొంజుబాబు నుంచి ఫోన్ వచ్చింది. లంబసింగి దగ్గర చెల్లెలింటికి ఇంటిల్లిపాదినీ తీసుకుని బయలుదేరాడట. పాడేరు దాటినప్పటి నుంచి ముందు ఎడమ వైపు ఏదో కొట్టుకుంటున్నట్టుందట. "స్టీరింగు ఊగతంది బాబూ, కొత్త టైర్లకి ఇలాగే ఉంటాదేటి?" అని అడిగాడు. ఆపెయ్, ఆపెయ్ అని నేను అరుస్తుండగానే సిగ్నల్ పోయింది. మళ్ళీ చేస్తే కలవలేదు. ఎదురుగా దేవదానం గారు కంప్రెసర్ తుడుస్తున్నారు. జ్వరం తగ్గి ఆ రోజే పనిలోకి వచ్చారు. నేను సంతకి వెళ్ళలేదని ఆయనకి చెప్పాను. చెప్పడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. 

ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "బండిలో ఎంతమందున్నారట?" అన్నారంతే. తెలియదన్నాను. గుడ్డ కింద పడేసి, డబ్బాలోంచి గుప్పెడు పాత నట్లు జేబులో వేసుకుని, రెంచి చంకలో పెట్టుకుని, బైకు తియ్యమన్నారు.  జి.మాడుగుల వైపు ప్రతి మలుపులోనూ పక్కన లోయ కనబడగానే నా కళ్ళు కిందికి పోయేవి. వెనకనుంచి ఆయన నా భుజం తట్టి రోడ్డు చూడమనేవారు. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు, పిల్లలు లేరు. అయినా ఆ బండిలో పిల్లలు ఉండకపోతే బాగుండునని కోరుకున్నాను. పెద్దవాళ్ళయితే పరవాలేదన్నట్టు.

బండి ఎదురొచ్చింది. మెల్లగా, ఎడమవైపుకి ఈడ్చుకుంటూ ఎత్తు ఎక్కుతోంది. దేవదానం గారు నడుస్తున్న బైకు మీంచే దిగిపోయి రోడ్డు మధ్యలో రెండు చేతులూ చాపి నిలబడ్డారు. లోపలినుంచి పదిమంది దిగారు. అందులో నలుగురు పిల్లలు, ఒకరు చంటిపిల్ల. ముందు ఎడమ చక్రానికి ఉండవలసిన అయిదు నట్లలో రెండు లేవు. మిగతా మూడు వేళ్ళతోనే తిరిగాయి. అల్లాయ్‌లో నట్టు దిగే రంధ్రాలు రాపిడికి సాగిపోయాయి. దేవదానం గారు ఆ చక్రం తీయించి, జేబులోని పాత నట్లతో ఇనుప స్టెప్నీ వేయించారు. మిగిలిన మూడు చక్రాలూ నన్నే బిగించమన్నారు. ఒక్కో నట్టూ అర చుట్టు తిరిగి టక్కుమంది. నేను చెప్పిన అబద్ధం ఆ మూడు చక్రాల విషయంలో నిజమే.

రెంచి పక్కన పెట్టి లేచేసరికి బొంజుబాబు వాళ్ళమ్మ నా నూనె చేతులు రెండూ పట్టుకుంది. "ఏ తల్లి కన్న బిడ్డవో నాయినా. ఫోన్ తెగిపోయినా మాకోసం పరిగెత్తుకొచ్చీసినావు," అంటూ ఆ చేతుల్ని తన కళ్ళకి అద్దుకుంది. కూతురి కోసం తీసుకెళ్తున్న రాజ్మా గింజల సంచిలోంచి సగం ఒక కండువాలో పోసి నాకిచ్చింది. బొంజుబాబు నాకు దండం పెట్టాడు. పిల్లలు మమ్మల్ని వింతగా చూస్తున్నారు. దేవదానం గారు రోడ్డు పక్క రాయి మీద కూర్చుని, మట్టితో చేతులు రుద్దుకుంటూ నావైపు చూశారు. తొందరపెట్టే చూపు కాదు. చక్రంలో గాలి నిండేటప్పుడు రెండో చప్పుడు కోసం వేచి ఉంటారే, అలాగ. నేను మూట తీసుకుని, దీందేముందమ్మా అన్నాను.

బండి కదిలి వెళ్ళిపోయింది. పాడైన చక్రం మా షాపే మార్చి ఇస్తుందని ఆయన బొంజుబాబుకి చెప్పి పంపారు. తప్పు మాదేనని కూడా అన్నారు. మాదే అన్నారు గానీ, ఎవరిదో చెప్పలేదు. తిరిగి వచ్చి షాపు ముందు బైకు దిగాక, రాజ్మా మూట నా చేతిలో ఉండగా, ఒకే ఒక్క మాటన్నారు.

"ఆళ్ళకి నువ్వే సెప్తావనుకున్నాను రాజూ."

తరువాత పదకొండేళ్ళు ఆయన దగ్గర పనిచేశాను. ఆయన ఆ మాట మళ్ళీ ఎత్తలేదు, సాధించలేదు, ఇంట్లో వాళ్ళకైనా చెప్పినట్టు లేదు. పై వారం నుంచి ప్రతి సంతకీ రెంచి నా చేతికే ఇచ్చి పంపారు. వెళ్ళావా అని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే కోపం తెచ్చుకునే వీలుండేది. అడగకపోవడంతో ఒక్క సంత కూడా ఎగ్గొట్టలేకపోయాను. ఆరు నెలలకని వచ్చినవాణ్ణి ఇక్కడే పెళ్ళి చేసుకున్నాను. ఆయనకి ఓపిక తగ్గాక షాపు నన్నే నడుపుకోమన్నారు. నేను నమ్మకస్తుణ్ణని నలుగురితోనూ చెప్పేవారట. ఆ సంగతి విన్నప్పుడల్లా నాకు సంతోషమూ, సిగ్గూ రెండూ కలిగేవి. సిగ్గే ఎక్కువ.

నిరుడు ఆయన పోయినప్పుడు చర్చి ఆవరణలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. ఆయన్ని ఎరిగినవాళ్ళు రెండు మాటలు చెప్పవచ్చునని పాస్టరు గారు అన్నారు. మొదట లేచింది బొంజుబాబు. కొండ మలుపులో పదిమంది ప్రాణాలు ఎలా నిలబడ్డాయో, ఇద్దరు మనుషులు బైకు మీద ఎలా ఎదురొచ్చారో చెప్పి, నన్ను వేలితో చూపించాడు. ఇప్పుడు అతనివి మూడు బండ్లు. మూడింటికీ చక్రాలు నేనే వేశాను. జనమంతా నావైపు తిరిగారు. వాళ్ళమ్మ ముందు వరసలో కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది. నా వంతు వచ్చింది. ఆయన సమయపాలన గురించి, సుద్ద పరీక్ష గురించి, కష్టపడే గుణం గురించి అయిదు నిమిషాలు బాగానే మాట్లాడానని అందరూ అన్నారు.

దేవదానం గారు ఉన్నన్నాళ్ళూ ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. ఆయన పోయాక నాకొక్కడికే తెలుసు. ఇప్పుడు ఇది చదివిన మీకు తెలిసింది. బొంజుబాబుకి ఇంకా తెలియదు.