బొగ్గుపూత నిలిచిన రోజు

సోంపేట బస్టాండు దగ్గర ఇస్త్రీ బండివాడు కొబ్బరిచిప్పల బొగ్గు రాజేస్తే, ఆ వాసనకు ఇవాళ్టికీ నా కాళ్ళు ఆగిపోతాయి. సుశీల మేడం కళ్ళ ముందు నిలబడుతుంది. టెక్కలి కాలేజీలో ఆవిడ కెమిస్ట్రీ చెప్పేది, నేను ఆవిడ ల్యాబులో గాజుసామాను కడిగేదాన్ని. మూడో తరగతితో బడి మానేసిన నన్ను ఆవిడ “మీరు” అనేది.

మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు భయం లేని ఇల్లు లేదు. దేనివల్లో ఎవరూ తేల్చలేదు. తాగే నీళ్ళలో సీసం ఉందో లేదో అదొక్కటైనా ఇక్కడికిక్కడే తెలియాలని మేడం పట్టు. పెన్సిలంత కడ్డీ కొసకు కొబ్బరిచిప్ప బొగ్గు పొడిని జిగురులో కలిపి పూసేది. ఎలక్ట్రోడ్ అంటారు దాన్ని. ఉత్త కడ్డీకి సీసం జాడ అందదు. పూత ఉంటే పట్టి ఉంచుతుంది, కరెంటు పెట్టగానే కంప్యూటర్లో గీత లేస్తుంది. అనుమతిచ్చే పై ఆఫీసువాళ్ళు వచ్చి చూసి సరేనంటేనే మా ఊళ్ళ నీళ్ళు ఆ ల్యాబులో పరీక్షిస్తారు. లేదంటే ఆ పని మూతపడినట్టే.

ఈ పూత సంగతి నాకప్పటికి తెలీదు. వాళ్ళు రేపు వస్తారనగా, బల్ల మీద మసిపట్టిన కడ్డీలు చూశాను. సామాను పాడైపోతోందని మూడింటినీ బూడిదేసి తళతళా తోమేశాను. మేడం వచ్చి చూసి కుర్చీలో కూలబడింది.

“అప్పలమ్మగారూ, మీరు తోమింది మసి కాదు. నా నెల రోజుల పని.”

“నానే తోమీసినాను మేడం. తిట్టండి, పడతాను.”

“తిడితే పూత తిరిగొస్తుందా? బొగ్గు నూరండి.”

మళ్ళీ పూసింది. దీపం కింద ఆరగానే పూత నెర్రెలిచ్చి, నీళ్ళలో ముంచితే ఊడిపోయింది. రెండోదీ అంతే. నాకు నోరాగలేదు.

“ఏటి మేడం, ఒక్కసారే అంత దట్టంగా ఏత్తే నిలుత్తాదా? నేల అలకడం సూడలేదేటి? పల్సగా అలికి, నీడన ఆరనిచ్చి, మళ్ళీ అలకాల. బొగ్గంతా దండగ!”

“నేనెప్పుడు అలికాను నేల?” అని నవ్వి, నోటుబుక్కు తెరిచింది. “ఎంత పల్చగా? ఎంతసేపు ఆరాలి? నెమ్మదిగా చెప్పండి.”

చెప్పిన ప్రతి మాటా రాసుకుంది. నా మాట కాగితం మీదికెక్కడం అదే మొదలు. చిన్న చిన్న చుక్కలేసి, పైన గ్లాసు బోర్లించి, నాలుగు పూతలు ఆరబెట్టాం.

మర్నాడు పైవాళ్ళ ముందు, సీసం కలిపిన నీళ్ళలో కడ్డీ ముంచింది. గీత నిటారుగా లేచింది! నేను చప్పట్లు కొట్టబోతే మేడం నా చెయ్యి పట్టుకుని, “ఇంకోసారి” అంది. కడిగి ముంచింది. అంతే ఎత్తు. “ఇంకోసారి.” మూడోసారీ అంతే.

“పూత ఇంత గట్టిగా ఎలా నిలిచిందమ్మా?” అన్నాడు వాళ్ళ పెద్దాయన.

“ఆ పద్ధతి అప్పలమ్మగారిది,” అని మేడం నన్ను ముందుకు తోసింది. ఆ వారమే మా జలంత్రకోట బోరు నీళ్ళ సీసా ఆ ల్యాబుకొచ్చింది.

ఇప్పుడు నేను ఏ పనైనా ఒక్కసారి కుదిరిందని మురిసిపోను. మనవరాలు లెక్క చేసి చూపిస్తే, “ఇంకోపాలి సెయ్యి” అంటాను. మూతి ముడుచుకుంటుంది. ముడుచుకోనీ. మూడోసారీ అదే జవాబు వచ్చినప్పుడు చూడాలి దాని మొహం!